రికార్డు రూములో మంట

ఆదివారం పొద్దున ఎవరి మీదా కోపం తెచ్చుకోకూడదని సుభాషిణి ఒక నియమం పెట్టుకుంది. ఆ వారం ఆ నియమం కాఫీ చల్లారేదాకా కూడా నిలవలేదు.

నెల్లూరు దర్గామిట్టలో ఒక మేడ మీద రెండు గదులు ఆమె ఆఫీసు. పాతికేళ్ల పాటు బీమా కంపెనీలో అగ్నిప్రమాదాల సర్వేయరుగా కాలిన మిల్లులూ గోడౌన్లూ తిరిగింది. చివరికి పై అధికారులతో సరిపడక బయటికొచ్చి సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎదుటివాళ్లు అబద్ధం చెబుతున్నారని తోచగానే కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటుంది. ఆమె సహాయకుడు పెంచలకృష్ణకు ఆ తుడవడం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. లా చదివి, కేసుల్లేక ఆమె దగ్గర చేరిన ఈ కొడవలూరు మనిషికి ముప్పై దాటాయి. సుభాషిణికి తెలియనిది దేవుడికి కూడా తెలియదని అతని గట్టి నమ్మకం.

ఆ రోజు అతను ఆలస్యంగా, విసుక్కుంటూ వచ్చాడు.

"హైవేలో ఇరుక్కుపోయినానక్కా. మా ఊరి దగ్గర కామాక్షయ్య గారు పెట్టిన కొత్త కాలేజీ ఉంది గదా, నిన్నటి నుంచి దాన్ని చూసి సీట్లు ఇయ్యను పెద్ద కమిటీ వచ్చుండాది. షామియానాలు, అరటిచెట్లు, ఇంటంత ఫ్లెక్సీలు. సర్వీసు రోడ్డు నిండా బస్సులే. పెళ్లివాళ్లు కూడా అంత హడావుడి చెయ్యరు."

సుభాషిణి బదులు చెప్పేలోపు మెట్ల మీద చప్పుడైంది. ముప్పై లోపు వయసున్న అమ్మాయి గుమ్మంలో నిలబడింది. చీర నలిగిపోయి ఉంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆమె వెనక, చెప్పులు బయటే విడిచి, నల్లగా దృఢంగా ఉన్న ఒక పెద్దాయన నిలబడ్డాడు.

"మేడం, రేపు నన్ను అరెస్టు చేస్తారంట," అంది ఆ అమ్మాయి.

"ముందు కూర్చో అమ్మా. నీ పేరేంటి?"

"విజయకుమారి. ఈయన మా నాయిన ముత్యాలయ్య. మాది మైపాడు పక్కన పాళెం, సముద్రం మీద బతికేవాళ్లం. అక్కడికి దగ్గర్లోనే సింధుతీర ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్లుగా లెక్కలు చెబుతా ఉండాను. నాకు గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా సెలక్షన్ వచ్చింది మేడం. రేపు పొద్దున విజయవాడలో సర్టిఫికెట్ల వెరిఫికేషన్. ఒరిజినల్స్ చూపించకపోతే ఉద్యోగం పోయినట్టే."

"ఒరిజినల్స్ ఎక్కడున్నాయి?"

"కాలేజీ వాళ్ల దగ్గర. చేరిన రోజే తీసి పెట్టుకున్నారు."

ప్రైవేటు కాలేజీల్లో పనిచేసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఉద్యోగం ఇచ్చే ముందు పదో తరగతి నుంచి పీజీ దాకా అసలు సర్టిఫికెట్లన్నీ లాక్కొని బీరువాలో పెడతారు. అలా చెయ్యకూడదని పై నుంచి ఎన్ని సర్క్యులర్లు వచ్చినా ఆ బీరువా తలుపు తెరుచుకోదు. పశువు పారిపోకుండా మెడకు గుదిబండ కడతారు చూడండి, అదీ పద్ధతి. కాకపోతే ఇక్కడ గుదిబండ కూడా ఆ మనిషి కష్టపడి సంపాదించుకున్నదే. ఇదంతా చదువులమ్మ గుడి అని బోర్డు పెట్టి మరీ చేస్తారు.

విజయకుమారి నెల ముందే రాజీనామా ఇచ్చింది. శుక్రవారం ఆఖరి రోజు. సర్టిఫికెట్లు అడిగితే కాలేజీ ఏవో, అంటే ఆఫీసు వ్యవహారాలు చూసే ఓబులేసు, ఏడాది మధ్యలో పోయేవాళ్లకు ఇచ్చేది లేదన్నాడు.

"నోరు జారినాను మేడం," అంది విజయకుమారి. "'మీ రికార్డు రూము తగలబడిపోను' అని అరిచినాను. రేపటికల్లా ఇవ్వకపోతే పోలీసుల దగ్గరికి పోతానని కూడా అన్నాను. వరండాలో అందరూ విన్నారు."

"ఆ మాట మా ఇళ్లల్లో పొద్దున లేస్తే పదిసార్లు అంటామమ్మా," అన్నాడు ముత్యాలయ్య. "వల చినిగితే అంటాం, పొయ్యి రాజుకోకపోతే అంటాం. ఈనాటి దాకా ఎవరిల్లూ తగలబడలా."

సింధుతీర కాలేజీ రికార్డు రూము మాత్రం మర్నాడే తగలబడింది. శనివారం మధ్యాహ్నం మూడు దాటాక రికార్డు రూము క్లర్కు జయశీల నంబరు నుంచి విజయకుమారికి మెసేజ్ వచ్చింది. సర్టిఫికెట్లు సిద్ధంగా ఉన్నాయి, నాలుగింటికి రికార్డు రూముకు రమ్మని. ఆమె ఆశగా వెళ్లింది. తలుపు ఓరగా తీసి ఉంది, లోపల పొగ. కేకలు పెట్టింది. ముందుగా ప్రిన్సిపాల్ గంగాధరం పరిగెత్తుకుంటూ వచ్చాడు, తర్వాత మిగతావాళ్లు. ఇసక పోసి మంట ఆర్పేసరికి ఆమె ఫైలు ఉన్న అర బూడిదైపోయింది. ముందురోజు శాపనార్థాలు పెట్టిన మనిషి, మర్నాడు కాలుతున్న గదిలో ఒంటరిగా ఉంది. ఇంకెవరికి అనుమానం వస్తుంది?

"ప్రిన్సిపాల్ ఏమన్నారు?"

"గంగాధరం సార్ నాకు డిగ్రీలో గురువు మేడం. రిటైరైనాక ఈ కాలేజీకి వచ్చినారు. నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. నిన్న కళ్లనీళ్లు పెట్టుకున్నారు. 'నీ జీవితం నాశనం చెయ్యనమ్మా, రేపంతా ఆలోచించుకో. రాజీనామా వెనక్కి తీసుకొని ఇంకో రెండేళ్లు చేస్తానని రాసిస్తే దీన్ని ప్రమాదం అని రాయిస్తా. లేకపోతే సోమవారం పోలీసు కంప్లయింటు ఇవ్వక తప్పదు' అన్నారు."

"ఎంత భద్రంగా పెట్టుకున్నామమ్మా వాటిని," అన్నాడు ముత్యాలయ్య. "మా ఇంట్లో ఉప్పుగాలికి ఇనుమే తుప్పుపట్టి రాలిపోద్ది, కాయితం ఒక లెక్కా? బిడ్డ టెన్త్ పాసైన్నాడే నెల్లూరు తీసుకొచ్చి లామినేషన్ ఏయించినా. ఆమైన పాసయ్యే కొద్దీ ఒక్కోటీ ఏయించినా. వాళ్లమ్మ కామమ్మ వాటిని దేవుడి పటాల పక్కన పెట్టి, దీపం ముట్టించినప్పుడు వాటికీ దణ్ణం పెట్టేది. ఇప్పుడు బూడిదంట."

సుభాషిణి కాఫీ కప్పు పక్కన పెట్టింది. చెయ్యని నేరానికి బెదిరించి, బెదిరించి కట్టేసుకొని, దానికి దయ అని పేరు పెట్టారు. ఆమెకు చెవులు వేడెక్కాయి. "ఈరోజే తేలాలి. పదండి," అంటూ లేచింది.

ఇందుకూరుపేట దాటాక దారికి రెండు వైపులా రొయ్యల గుంటలు, వాటిలో నీటికి గాలి అందించే చక్రాల మోత. వాటి మధ్య అయిదంతస్తుల సింధుతీర కాలేజీ. గేటు పక్కన బస్సుల షెడ్డు ఉంది. ఆదివారం కదా, బస్సులన్నీ అక్కడే ఉండాలి. షెడ్డు ఖాళీగా ఉంది. సుభాషిణి కారు ఆపించి రెండు క్షణాలు దాని వంక చూసి, పోనివ్వమంది.

ఇందుకూరుపేట ఎస్సై రంగనాయకులుకు ఆమె బీమా కంపెనీ రోజుల నుంచి తెలుసు. దారిలో ఆమె చేసిన ఫోనుకు ఆయన అప్పటికే వచ్చి ఉన్నాడు. రికార్డు రూము తాళాలు ప్రిన్సిపాల్, ఏవో, క్లర్కు, ఈ ముగ్గురి దగ్గరే ఉంటాయని చెప్పాడు.

గదిలో ఇనప ర్యాకులు వరసగా ఉన్నాయి. కిటికీ పక్క ర్యాకులో ఒక అర పూర్తిగా కాలింది. సుభాషిణి మోకాళ్ల మీద కూర్చుని బూడిదను వేళ్లతో నలిపింది. పల్చటి నల్లటి రేకులు, పొడిపొడిగా రాలిపోతున్నాయి. ఒక కాగితం మూల మాత్రం కాలకుండా మిగిలింది, దాని మీద విజయకుమారి ఇంటిపేరు కనిపిస్తోంది. అంచు గోధుమరంగుకు తిరిగి వంపు తిరిగి ఉంది. కింది అరలో ప్లాస్టిక్ ఫోల్డర్లు ఉండేవి కాబోలు, సెగకు కరిగి ఇనప రేకుకు జిగటగా అతుక్కుపోయాయి. ఆమె గోటితో గీకినా ఊడిరాలేదు.

"ఈ రెండు అరలూ ఎవ్వరూ ముట్టుకోకుండా చూడండి," అని ఎస్సైకి చెప్పి, ఆమె పక్కనే ఉన్న ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

గంగాధరం తెల్లటి ఖద్దరు చొక్కాలో, నుదుటి మీద సన్నటి విభూతి రేఖతో, పాఠాల్లో చెప్పే గురువులాగే ఉన్నాడు. విజయకుమారిని చూడగానే కళ్లొత్తుకున్నాడు.

"బంగారం లాంటి పిల్లమ్మా. ఆవేశంలో ఏదో చేసేసింది. ఆ ఒరిజినల్స్ మండిపోతుంటే నా కళ్లారా చూశాను, చేత్తో లాగబోయాను, కుదరలేదు."

సుభాషిణి కళ్లజోడు తీసి తుడుచుకుంది. గోడ పక్కన నిలబడ్డ పెంచలకృష్ణ ఊపిరి బిగబట్టాడు.

"మంట లేచినప్పుడు మీరెక్కడున్నారు సార్?"

"ఈ గదిలోనే. యూనివర్సిటీ పరీక్షలు కదా, నేనే చీఫ్ సూపరింటెండెంటును."

"బయటివాళ్లెవరైనా వచ్చి ఉంటారా?"

"ఆ ప్రశ్నే లేదు. నా దగ్గర పరీక్ష అంటే పరీక్షే. ప్రశ్నపత్రాలు ఫోన్లలో బయటికి పోతున్న రోజులివి. డ్యూటీకి వచ్చిన ప్రతి ఒక్కరూ, ప్యూను నుంచి ఏవో దాకా, రెండు కొట్టేలోపు ఫోను నా చేతికివ్వాల్సిందే. ఈ బీరువాలో పెట్టి తాళం వేస్తాను, తాళంచెవి నా జేబులో ఉంటుంది. అయిదింటికి పరీక్ష అయ్యాకే మళ్లీ ఇచ్చేది. కరస్పాండెంటు గారి మేనల్లుడికి కూడా మినహాయింపు లేదు."

"మంచి పద్ధతి," అంది సుభాషిణి మనస్ఫూర్తిగా.

ఏవో ఓబులేసు తలుపు దగ్గరే నిలబడి మాట్లాడాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నిన్న మధ్యాహ్నం అంతా యూనివర్సిటీ అబ్జర్వర్‌తో పేపర్ల రూములోనే ఉండాను. ఆయన్నే అడుక్కోండి."

"సర్టిఫికెట్లు ఇవ్వనని ఏ రూలు ప్రకారం అన్నారు?"

"మేనేజ్‌మెంటు రూలు. అందరూ ఇట్టా మధ్యలో దాటిపోతే పిల్లకాయలకు పాఠాలు ఎవరు చెప్తారు?"

"పిల్లల మీద అంత ప్రేమ ఉంటే మనుషులు ఉండేటట్టు చూసుకోవాలి. సర్టిఫికెట్లు పట్టుకుంటే మనిషి ఉంటాడేమో కానీ మనసు ఉంటుందా?"

ఓబులేసు పళ్లు కొరుక్కుంటూ వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన జయశీల నలభై ఏళ్ల మనిషి. కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. ఆమె దగ్గర ఉన్నది పాత బటన్ల ఫోను, తెరవడానికి ఏ అడ్డూ లేదు.

"నేను మెసేజ్ పంపలేదు మేడం. నా బిడ్డల మీద ఒట్టు. అన్నం తినేసి నేరుగా పరీక్ష డ్యూటీకి పోయినాను, మూడో బ్లాకులో."

"మంటలో విజయకుమారి ఒరిజినల్స్ కాలిపోయాయి కదా?"

జయశీల కిటికీ వైపు చూసింది, తలుపు వైపు చూసింది. చివరికి, "అట్టనే అంటా ఉండారు మేడం," అంది.

బయటికి రాగానే పెంచలకృష్ణ గుసగుసగా అన్నాడు, "తేలిపోయిందక్కా. మెసేజ్ ఆమె ఫోన్‌దే, తాళంచెవి ఉంది, అబద్ధం చెప్తా వణికిపోతోంది. జయశీలే."

"వణుకుతోంది, నిజమే. ఎందుకు వణుకుతోందన్న దగ్గరే నువ్వు పొరపాటు పడ్డావు కృష్ణా." ఆమె అతని చెవిలో నాలుగు మాటలు చెప్పింది. అతని కళ్లు పెద్దవయ్యాయి. మారు మాట్లాడకుండా ఎస్సై బైకు అడిగి తీసుకొని వెళ్లిపోయాడు.

సాయంత్రం పొద్దు వాలేసరికి ప్రిన్సిపాల్ గదిలో అందరూ చేరారు. గంగాధరం తన కుర్చీలో, ఓబులేసు, జయశీల గోడవారగా, ఎస్సై రంగనాయకులు తలుపు దగ్గర ఉన్నారు. విజయకుమారి, ముత్యాలయ్య పక్కపక్కనే నిలబడ్డారు. కరస్పాండెంటు కామాక్షయ్య ఆఖర్న వచ్చాడు. తెల్ల బట్టలు, వేళ్ల నిండా ఉంగరాలు, చెవి దగ్గర ఫోను.

"తొందరగా కానివ్వండి మేడం. కొడవలూరులో కమిటీ వాళ్లను టీ దగ్గర వదిలేసి వచ్చినా. ఒక లెక్చరర్ పిచ్చి పనికి ఇంత పంచాయితీనా?"

"పిచ్చి పని ఎవరిదో చెప్పడానికే పిలిచాను, కూర్చోండి," అంది సుభాషిణి. "ఈ అమ్మాయి సర్టిఫికెట్లు కాలిపోయాయని అందరూ అంటున్నారు. గంగాధరం గారైతే కళ్లారా చూశారట. ముత్యాలయ్య గారూ, మీ అమ్మాయి ఒరిజినల్స్ ఒక్కసారి ఎలా ఉంటాయో చెప్పండి."

"లామినేషన్ చేయించినవమ్మా, అన్నీ," అన్నాడు ముత్యాలయ్య అయోమయంగా.

"ఉప్పుగాలికి పాడవుతాయని ప్లాస్టిక్ తొడుగు వేయించారు. నేను పాతికేళ్లు కాలిన సరుకు చూశాను. ప్లాస్టిక్ కరుగుతుంది, ముద్దవుతుంది, అతుక్కుంటుంది. కింది అరలో ఫోల్డర్లు ఇనుముకు అతుక్కొని గీకినా రావడం లేదు. ఆ పై అరలో, ఈ అమ్మాయి ఫైలు ఉన్నచోట, ఉన్నదంతా పొడి బూడిద. చుక్క ప్లాస్టిక్ లేదు. మిగిలిన ఆ మూల కూడా ఉత్త కాగితం. అంటే అక్కడ కాలింది ఒరిజినల్స్ కావు, ఫైల్లో ఉన్న జెరాక్సు కాపీలు."

విజయకుమారి చప్పున తండ్రి చెయ్యి పట్టుకుంది.

"మరి ఒరిజినల్స్ ఏవి? ఆదివారం నాడు ఈ కాలేజీ బస్సులన్నీ ఎక్కడికి పోయాయో, అవీ అక్కడికే పోయాయి. కృష్ణా, చెప్పు."

పెంచలకృష్ణ గొంతు సవరించుకొని ఫోను తీసి ఎస్సైకి అందించాడు. "కొడవలూరు కాలేజీలో కమిటీ కోసం పెట్టిన అధ్యాపకుల బోర్డు సార్. మూడో వరసలో ఫొటో చూడండి. విజయకుమారి, అసోసియేట్ ప్రొఫెసర్, గణితశాఖ. ఆమె ఈరోజు సెలవులో ఉండాదని చెప్పి కమిటీకి సర్టిఫికెట్లు మాత్రం చూపించినారు. ఈ కాలేజీ లెక్చరర్లు సగం మంది ఆ కాలేజీ బ్యాడ్జీలు తగిలించుకోని అక్కడే కూర్చోనుండారు."

ఒకే మనిషి, రెండు కాలేజీలు. ఒకే సర్టిఫికెట్లకు రెండు చోట్ల లెక్క. ఈ బలగాన్ని చూపించి సీట్లు తెచ్చుకుంటారు. ఆ సీట్లలో చేరిన పిల్లలకు పాఠం చెప్పాల్సిన పంతులు ఫ్లెక్సీ మీద తప్ప ఎక్కడా ఉండడు. పొలం గట్టు తాకట్టు పెట్టి పిల్లల్ని చదివించే తండ్రులకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

"శుక్రవారం సాయంత్రం ట్రంకు పెట్టె ఎక్కించినారు," అంది జయశీల ఉన్నట్టుండి. "అందరివీ. నావి కూడా అందులోనే ఉండాయి. నోరు తెరిస్తే అవి మళ్లీ చూడవని ఏవో గారు అన్నారు. ఆ గదిలో ఒరిజినల్స్ లేవని నాకూ ఏవో గారికీ తెలుసు మేడం. ఈ పిల్ల ఏడస్తా ఉంటే చూస్తా ఊరుకున్నాను."

ఓబులేసు తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూశాడు.

"ఇక మంట పెట్టింది ఎవరు?" అంది సుభాషిణి. "ఈమెను నాలుగింటికి గదికి రప్పించినవాళ్లే. మెసేజ్ జయశీల ఫోను నుంచి వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటాక వచ్చింది. ఆ సమయానికి జయశీల ఫోను ఎక్కడుంది? గంగాధరం గారూ, నేను మెసేజ్ సంగతి మీ దగ్గర ఎత్తలేదు. మీరే మీ క్రమశిక్షణ గురించి గొప్పగా చెప్పారు. ప్యూను నుంచి ఏవో దాకా అందరి ఫోన్లూ ఆ బీరువాలో, తాళంచెవి మీ జేబులో."

గంగాధరం చెయ్యి తెలియకుండానే జేబు మీదికి పోయింది.

"ఈమె పోలీసుల దగ్గరికి పోతానంది. పోలీసులు వెతికితే ట్రంకు పెట్టె బయటపడుతుంది, కమిటీ ముందు పరువు పోతుంది. రెండు కాలేజీలకూ కాబోయే డైరెక్టర్ అని కొడవలూరు ఫ్లెక్సీ మీద మీకు వేసిన పదవి కూడా పోతుంది. వరండాలో ఈమె తిట్టిన తిట్టు మీకు దారి చూపించింది. కాలిపోయాయంటే ఇక ఎవరూ అడగరు. ఈమె ఇక్కడే పడి ఉంటుంది, ఈమె సర్టిఫికెట్లు కొడవలూరులో ఎన్నేళ్లయినా పనిచేస్తాయి. మంట పెట్టి, పక్క గదిలో కూర్చొని, ఈమె కేక వేసేదాకా ఆగి, ముందుగా పరిగెత్తుకొచ్చారు. ఆ కన్నీళ్లు మాత్రం బాగా కుదిరాయి సార్."

"సార్?" అంది విజయకుమారి. గంగాధరం తల ఎత్తలేదు. కాదని కూడా అనలేదు.

కంచే చేను మేస్తే ఏం చేస్తామని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ కంచె కాళ్లకు దణ్ణం పెట్టి పెరిగిన చేను సంగతి ఎవరూ ఆలోచించరు.

కామాక్షయ్య అందరికన్నా ముందు తేరుకున్నాడు. వ్యాపారం తెలిసిన మనిషి.

"మంట సంగతి నాకు తెలీదు, ప్రమాణంగా. అయిందేదో అయిపోయింది. అమ్మా విజయకుమారీ, నీకు కావాల్సింది రేపటికి ఒరిజినల్స్. కేసు పెట్టినావనుకో, అవి పోలీసులు పట్టుకుపోతారు, కోర్టులో పడతాయి. నీకు ఎప్పటికొస్తాయో ఆ దేవుడికే తెలియాల. కేసు వద్దంటే, కమిటీ వెళ్లిపోగానే ఈ రాత్రికే మీ ఇంటికి నేనే తెచ్చిస్తా. ఆలోచించుకో."

దుర్మార్గమే కానీ, ఆ మాటలో నిజం ఉంది. పెంచలకృష్ణ లా పుస్తకాలన్నీ మనసులో తిరగేస్తున్నాడు. ఈ అమ్మాయికి ఇరవై ఏళ్ల చదువు రేపు పొద్దున్న తేలిపోతుంది. ఊ అంటే ఉద్యోగం, కాదంటే న్యాయం. రెండూ కలిసి వచ్చే దారి కనిపించడం లేదు.

విజయకుమారి తండ్రి వైపు చూసింది.

"నన్నడగమాక బిడ్డా," అన్నాడు ముత్యాలయ్య. "చదువుకున్నదానివి నువ్వు."

ఆమె కామాక్షయ్య వైపు తిరిగింది. "ఆ పెట్టెలో నావి ఒక్కటేనా ఉండేది?"

"అందరివీ ఉండాయిలే. నీకెందుకు అది?"

"నావి తీసుకోని నేను పోతే, జయశీలక్క మళ్లీ అట్టనే కొంగు నలుపుకుంటా నిలబడాల. నాతో పనిచేసినోళ్లు బస్సెక్కి ఎవరి బ్యాడ్జీనో పెట్టుకోవాల. నేను పోయి గవర్నమెంటు కాలేజీలో పిల్లలకు ఏం పాఠం చెప్తాను సార్?" ఆమె కళ్లు నీళ్లతో నిండాయి, గొంతు మాత్రం నిలకడగా ఉంది. "కేసు పెట్టండి ఎస్సై గారూ. ఉద్యోగం పోతే పోనీ. మా నాయినతో వల లాగుతాను."

అంతసేపూ తలుపుకు ఆనుకొని ఉన్న రంగనాయకులు నిటారుగా నిలబడ్డాడు.

"పోనిచ్చేదేం లేదమ్మా. కామాక్షయ్య గారూ, నా ఉద్యోగం నాకు నేర్పొద్దు. అవి కాలిపోలేదని రుజువు చేయడానికి నాకు ఫొటోలు, పంచనామా చాలు. ఎవరివి వాళ్లకు సంతకం పెట్టించుకొని ఇక్కడే ఇస్తాను. కోర్టు అడిగిన రోజు వాళ్లే తెచ్చి చూపిస్తారు. పెట్టె తేవడానికి కమిటీ వెళ్లిపోయేదాకా ఆగక్కర్లేదు, వాళ్ల ముందే తెస్తాను."

"వాళ్ల ముందు పెట్టె ఎత్తితే కాలేజీ ఏం కావాల?" అని కామాక్షయ్య అరిచాడు.

"అది కాలేజీ అయితే కదా ఏమన్నా అయ్యేది," అంది సుభాషిణి.

జీపు కొడవలూరు వెళ్లి వచ్చేసరికి దీపాలు పెట్టారు. జీపు వెనకే కాలేజీ బస్సులు, వాటిలో మెడలోంచి బ్యాడ్జీలు తీసేసిన లెక్చరర్లు. కమిటీ వాళ్లు మాత్రం రాలేదు. రెండు రోజులు అవే సర్టిఫికెట్లు తిరగేసి, వీటి మనుషులేరని ఒక్కసారి కూడా గట్టిగా అడగని పెద్దమనుషులు, పెట్టె ఎత్తగానే సామాన్లు సర్దుకొని కార్లెక్కారట. వరండాలో బల్ల వేసి పెట్టె తెరిచారు. ఎస్సై పేరు పిలవడం, పెంచలకృష్ణ ఫొటో తీయడం, మనిషి వచ్చి తీసుకోవడం. కొంతమంది అక్కడే నిలబడి ఒక్కో కాగితం తడుముకున్నారు. జయశీల తనవి అందుకొని గుండెకు హత్తుకొని గట్టిగా ఏడ్చింది, ఎవరూ ఆపలేదు.

విజయకుమారివి దాదాపు అడుగున ఉన్నాయి. ముత్యాలయ్య వాటిని తీసుకొని పంచె అంచుతో తుడిచాడు.

ఎస్సై కాగితం, పెన్ను ఆమె ముందుకు జరిపాడు. "కంప్లయింటు నీ చేత్తో రాసివ్వమ్మా."

అప్పుడు గంగాధరం నోరు తెరిచాడు. కానిస్టేబుల్ పక్కన నిలబడి, మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"విజయా, నేను నీకు చదువు చెప్పినవాణ్ణమ్మా. నువ్వు ఫీజు కట్టలేని రోజు నిన్ను క్లాసులో కూర్చోబెట్టింది నేను. అది కూడా మర్చిపోయావా?"

విజయకుమారి పెన్ను అందుకుంది.

"మర్చిపోలేదు సార్," అంది. "అదీ రాస్తాను. ఇదీ రాస్తాను."

కుర్చీ దగ్గరికి లాక్కొని, కూర్చొని, రాయడం మొదలుపెట్టింది.